పాపను ఎత్తుకోలేని సెలవు

మధ్యాహ్నం పన్నెండున్నరకు సరిహద్దులోని మా సైనిక పోస్టుకు చేరాము. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. మైనస్ పదకొండు డిగ్రీలు. నాలుగు బంకర్లు, ఇరవై రెండు మందిమి. నాకు ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా కాపలా. చిత్తూరులో నా కూతురికి అప్పటికి రెండు నెలలు.

ఆదివారాల్లో శాటిలైట్ ఫోన్ ఇచ్చేవారు, మనిషికి ఐదు నిమిషాలు. నేను పోస్టుకు వెళ్లిన నాలుగో నెలలో నా భార్య చెప్పింది: "పాప కూసుంటాండాది. నువ్వొచ్చి ఎత్తుకుందువుగానీ."

ఆ క్షణంలోనే ఒక తలపు వచ్చింది. మా మిద్దె మీద పిట్టగోడ పక్కన నిలబడి, పాపను నా చేతులతో కిందికి వదిలేస్తున్నాను. ఫోన్ పెట్టేశాను. బంకర్ వెనక వాంతి చేసుకున్నాను.

మర్నాడు కాపలాలో మళ్లీ అదే. ఎంత తరిమితే అంత వచ్చింది. మూడు ఆదివారాలు ఇంటికి ఫోన్ చేయలేదు.

మా నర్సింగ్ అసిస్టెంట్ హవల్దారుది పలమనేరు. పొద్దున టీ దగ్గర పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇంటికి ఫోన్ సెయ్యలేదంట?"

చెప్పేశాను. "నా బిడ్డను నేనే సంపేస్తానేమో అన్నా."

"సంపాలని ఉండాదా నీకు?"

"లేదన్నా. ఆ తలపు రాకూడదనే ఫోన్ మానేసినా."

"అట్లయితే అది కోరిక కాదబ్బా, భయం. బిడ్డంటే పానం కాబట్టే దాన్నే పట్టుకునింది. శానామందికి వస్తాయిట్లా. కిందికి దిగినాక డాక్టరుకు సెప్పు."

సరేనన్నాను. దిగాక చెప్పలేదు. సర్వీసు రికార్డులో పిచ్చివాడని రాస్తారని భయపడ్డాను.

సెలవులో ఇంటికి వచ్చాను. గేటు దగ్గర నా భార్య పాపను అందించింది. పాప రెండు చేతులూ చాచింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "సామాను దించాల" అన్నాను. పదకొండు రోజులు ఏదో ఒక సాకు చెప్పాను.

పన్నెండో రోజు దాచలేక నా భార్యకు చెప్పాను.

"ఆడపిల్లని నీకు ఇష్టం లేదేమో అనుకున్న్యా ఇన్నాళ్లూ" అంది.

ఆ మాటకు తలెత్తలేకపోయాను. ఆమే నన్ను తిరుపతిలో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకుపోయింది. ఆయన కూడా హవల్దారు చెప్పిందే చెప్పాడు. దీనికి వైద్యం ఉందన్నాడు. మందులిచ్చాడు. తలపు వచ్చినా రానిమ్మని, పాపను ఎత్తుకోవడం మాత్రం మానొద్దని నేర్పించాడు. నెలలు పట్టింది.

పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆ తలపు ఎప్పుడైనా వస్తుంది, దానంతట అదే పోతుంది. గేటు దగ్గర చాచిన ఆ చిన్న చేతులు కాసేపు గాలిలో ఆగి, మెల్లగా కిందికి వాలిపోవడం మాత్రం ఇంకా నా కళ్ల ముందే ఉంది.