అరుపుల పాటలు నా నోరు తెరిచిన విధం

సహోదరులారా, సహోదరీలారా, నా భార్య సుగుణను సమాధి చేసిన రోజున మన సంఘం కీబోర్డు తమ్ముడు పాట మూడో చరణంలో శ్రుతి పెంచాడు, అందరూ ఒక్కసారిగా వెక్కి వెక్కి ఏడ్చారు, నేను మాత్రం పెట్టె పక్కన నిలబడి, ఇక్కడ పెంచుతాడని ముందే తెలుసు అనుకున్నాను. నా కంట ఒక్క చుక్క రాలేదు.

నా పని అలాంటిది. ఫిల్మ్ నగర్‌లో ఒక సౌండ్ స్టూడియోలో, సినిమా సన్నివేశాల్లో సంగీతం ఎక్కడ మొదలవ్వాలో, ఎంత వేగంతో నడవాలో, ఎక్కడ ఆగాలో లెక్క కట్టి ఇస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విని విని, వేళ్ల మీద తాళం లెక్కపెట్టుకుంటూ సొంతంగా పట్టుకున్నదే. తెర మీద తల్లి కన్ను మూసిన వెంటనే వయొలిన్ వస్తే జనం ఏడవరు, కాస్త ఆగాలి, ఎంత ఆగాలో నాకు తెలుసు. జూబ్లీహిల్స్‌లో ప్రివ్యూ వేసినప్పుడు నేను తెర వైపు చూడను, వెనక్కి తిరిగి జనం చేతులు కళ్ల దగ్గరకు ఎప్పుడు వెళ్తాయో చూస్తాను. నేను అనుకున్న చోటే వెళ్తాయి.

అలాంటివాడు మోకరిస్తే ఏమవుతుందో చెబుతాను వినండి. లోపల ఏదైనా కదిలితే చాలు, ఇది నిజమా, ఎవరైనా ఎక్కడో మీట నొక్కారా అని వెతుక్కునేవాణ్ణి, వెతికేసరికి ఆ కదిలింది కాస్తా పోయేది, మంచి మాటలు నాలుగు చెప్పి ఆమేన్ అని లేచేవాణ్ణి. భార్య పోయినా చలించలేదు, గొప్ప విశ్వాసి అని నలుగురూ అన్నారు. నిజానికి నేను ఎండిపోయాను.

మా అమ్మాయి జెస్సీ డిగ్రీ చదువుతోంది. తల్లి పోయాక చెవుల్లో పాటలు పెట్టుకుని గదిలోనే ఉండేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సుగుణ అక్క, మా వదిన మాణిక్యమ్మ, బోరబండ నుండి మా రహమత్ నగర్ ఇంటికి భోజనానికి వచ్చింది. జెస్సీ ఏదో నొక్కబోతే ఫోను స్పీకరులో పాట బయటకు వచ్చేసింది. ఒక మగవాడు గొంతు చిరిగేలా అరుస్తున్నాడు, వెనక డ్రమ్ములు తరుముకొస్తున్నాయి. వదిన అన్నం కలుపుతున్న చేయి ఆపేసింది.

"ఏంటమ్మా అది? ఎవర్నన్నా కోస్తున్నారా?"

"పాటే పెద్దమ్మా. ఈ రకం పాటల్ని మెలోడిక్ హార్డ్‌కోర్ అంటారు."

"దానికి పేరు కూడానా." వదిన నా వైపు తిరిగింది. "మరిదిగారూ, ఇది పాట కాదు, పిల్లని పట్టుకున్న దురాత్మ. నవ్వదు, తినదు, చర్చిలో పెదవి కదపదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీసుకురండి. పాస్టర్ గారితో నేను చెప్తాను, ముందు నిలబెట్టి నూనె రాసి ప్రార్థిస్తారు."

జెస్సీ కంచం ముందు నుండి లేచింది. "నాన్నా, దెయ్యం పట్టినదానిలా నన్ను అందరి ముందు నిలబెడితే హాస్టల్‌కి వెళ్లిపోతాను. మళ్లీ ఈ ఇంటికీ రాను, ఆ చర్చికీ రాను."

కోపంలో గొంతు పైకి లేస్తుంది. జెస్సీ గొంతు మాత్రం కిందికి దిగింది. అన్నంత పనీ చేస్తుందని నాకు అర్థమైంది.

నాకు వదిన మాట మీదా అనుమానమే, కూతురి పాట మీదా అనుమానమే. అందుకని నేనే పరీక్షించి చెబుతానన్నాను. ఆ పాట ఉన్న ఆల్బమ్ నా ఫోనుకు పంపించుకుని స్టూడియోకి తీసుకెళ్లాను. భోజన విరామంలో సౌండ్ ఇంజనీర్ శ్రీశైలం ఒక్కడే ఉన్నాడు. ఇలాంటి పాటలను చివరి నుండి మొదటికి తిప్పి వేస్తే సాతాను మాటలు వినబడతాయని మా చిన్నప్పటి యూత్ మీటింగుల్లో చెప్పేవారు, కాబట్టి మొదట అలాగే వేయమన్నాను.

శ్రీశైలం నవ్వాడు. "అన్నా, ఉల్టా ఏస్తే అందరూ సైతాన్లే. పొద్దుగాల డబ్బింగ్ జేసిన హీరో డైలాగ్ ఏయాల్నా? దానికే ఎక్కువ భయమైతది."

"ముందు ఇది వెయ్యి."

వేశాడు. నీళ్లలో మునిగినవాడు గొణిగినట్టు ఉందే తప్ప ఒక్క మాటా లేదు.

"ఏమన్న దొరికిందా అన్నా?"

"లేదు."

"మరి జర సీదా ఇందమా?"

సీదాగా విన్నాము. మొదట చిరాకేసింది, తర్వాత ఆ అరుపు అడుగున గిటార్లు చాలా జాలిగా ఒక రాగం పాడుతున్నాయని పట్టుకున్నాను, అంతే, నా అలవాటు కొద్దీ ఉచ్చు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. చివరి పాట సగంలో దొరికింది. "చూడు శ్రీశైలం, ఇప్పుడు డ్రమ్ములు ఆపేస్తారు, ఒక్క గిటారు మిగులుతుంది, అరిచేవాడు మామూలు గొంతుతో మాట్లాడతాడు, అక్కడ మనల్ని ఏడిపించాలని వీళ్ల పథకం" అన్నాను. అన్నట్టే డ్రమ్ములు ఆగాయి. అన్నట్టే గిటారు మిగిలింది. అరిచి అరిచి అలిసిపోయిన ఆ గొంతు ఏదో చెప్పింది, అతని ఇంగ్లీషు నాకు సగమే తెలిసింది, అమ్మను పిలుస్తున్నాడని మాత్రం తెలిసింది. సహోదరులారా, నా లెక్క ఒక్క తాళం కూడా తప్పలేదు, ఉచ్చు నేను చూపించిన చోటే ఉంది, అయినా చూస్తూ చూస్తూనే అందులో పడ్డాను, మిక్సింగ్ బల్ల మీద తల ఆనించి సుగుణా సుగుణా అని ఏడ్చాను.

శ్రీశైలం లేచి తలుపు మూశాడు. "మల్లొకసారి ఏస్తా అన్నా, నువ్వు కానియ్" అన్నాడు.

ఇంటికి వెళ్లి జెస్సీని అడిగాను, అతని తల్లి చనిపోయిందా అని. ఆల్బమ్ అంతా అదేనట, తల్లి జబ్బు, ఆసుపత్రి, ఆ తర్వాత ఖాళీ ఇల్లు.

"నిజంగా విన్నావా నాన్నా?" అని నా ముఖంలోకి చూసింది. "అమ్మ పోయినప్పుడు మనింట్లో ఎవరూ అరవలేదు. నువ్వు అరవలేదని నేనూ అరవలేదు. అతను నా బదులు అరుస్తున్నాడు."

సూది ఎక్కడ గుచ్చాలో వైద్యుడికి తెలిసినంత మాత్రాన మందు అబద్ధమవుతుందా? ఏడుపు ఎక్కడ వస్తుందో తెలిసినంత మాత్రాన దుఃఖమూ అబద్ధం కాదని దేవుడు నాకు ఇన్నాళ్లకు చూపించాడు.

శుక్రవారం నేనొక్కణ్ణే వెళ్లాను. "పిల్లేది?" అంది వదిన.

"ఆ నూనె నాకు రాయమనండి వదినా. ప్రార్థన కావలసింది నాకు."

కీబోర్డు తమ్ముడు మెల్లగా వాయించబోతే కాసేపు ఆపమని బతిమాలాను, నా అనుమానానికి ఏ సాకూ మిగలకూడదనుకున్నాను. ఆ నిశ్శబ్దంలో మోకరించి ఇలా ప్రార్థించాను: "ప్రభువా, సుగుణను బాగుచేయమని అడిగాను, నువ్వు చేయలేదు. నాకు నీ మీద కోపంగా ఉంది. ఆ సంగతి చెప్పకుండా ఇన్నాళ్లూ నీతో మర్యాదగా మాట్లాడాను. నా ఏడుపు నిజమో కాదో నాకు తెలియదు, నువ్వే చూసుకో. నా కూతుర్ని మాత్రం నాకు ఉంచు." ఆ చివరి మాట దగ్గర నా గొంతు నాకు తెలియకుండానే అరుపైపోయింది, ఆపుదామన్నా ఆగలేదు, పాస్టర్ గారు నూనె చేతితో నా తల పట్టుకుని అలాగే నిలబడిపోయారు. సిలువ మీద మన ప్రభువు కూడా బిగ్గరగా కేక వేశాడని ఎన్నో గుడ్ ఫ్రైడేలు విన్నాను, ఆ కేక ఎంత గరుకుగా ఉండి ఉంటుందో ఆ రోజే తట్టింది.

వదిన నాతోపాటు ఇంటికి వచ్చి, "మీ నాన్న అరిచాడే జెస్సీ, మైకు లేకుండా మెయిన్ రోడ్డు దాకా వినబడింది" అంది.

"నిజమా పెద్దమ్మా?"

"నీ పాటలవాడు పనికిరాడు ఈయన ముందు."

జెస్సీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద తల పెట్టి గట్టిగా, నోరు తెరిచి ఏడ్చింది, వదిన కూడా మా ఇద్దరినీ పట్టుకుని ఏడ్చింది, ఆ గదిలో ఏ సంగీతమూ లేదు.

హాస్టల్ మాట మళ్లీ రాలేదు. ఇదంతా దేవుడు చేశాడా, పాట చేసిందా అని నేను ఇప్పటికీ తిప్పి తిప్పి చూస్తున్నాను, నా బుద్ధి మారలేదు, కానీ ఎటు నుండి చూసినా ఘనత ఆయనకే చేరుతోంది, ఎందుకంటే నా కూతురు నా ఇంట్లో ఉంది, నేను ప్రార్థించగలుగుతున్నాను. ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరైనా నాలాగే మర్యాదైన మాటలతో ప్రార్థించి ఎండిన కళ్లతో లేస్తూ ఉంటే, ఆయనను నమ్మి ఒక్కసారి ఆయన దగ్గర అరవండి. ఆయన చెవులు మూసుకోడు.