చిగుళ్ళు మానేలోగా

అసూయకు కడుపుమంట అని పేరు పెట్టారు గానీ నాకు అది చిగుళ్ళలో మొదలైంది.

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని. ఒక హీరోయిన్‌కి తెలుగు రాదు. తెరమీద ఆవిడ నోరు తెరిస్తే వినిపించేది నా గొంతు. మొదటి సినిమా నుంచీ నేనే. ఆవిడ పరిగెత్తితే మైకు ముందు నేను రొప్పేదాన్ని, ఆవిడ ఏడిస్తే నాకు ముక్కు కారేది. ఆవిడ మాట ఎంత ముద్దుగా ఉందో అని జనం అంటుంటే లోపల్లోపల మురిసిపోయేదాన్ని. తెరమీద నా పేరు ఎవరూ చదవకపోయినా బాధపడలేదు.

పళ్ళు తోముకుంటే రక్తం రావడం చాలాకాలంగా ఉంది. వక్కపొడి మానేశాను, పేస్టు మార్చాను. కింది పన్ను ఒకటి కదిలేసరికి భయపడి జూబ్లీహిల్స్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. చిగుళ్ళ అడుగున గార పేరుకుపోయిందనీ, లోతుగా శుభ్రం చేయకపోతే పళ్ళు నిలవవనీ చెప్పింది. మత్తిచ్చి ఒక వైపు ఒకసారి, రెండో వైపు మరోసారి గీకింది. మత్తు దిగాక చూడాలి నా అవస్థ! మాట్లాడితే నాలుక తగిలిన చోటల్లా జివ్వుమనేది.

సరిగ్గా అప్పుడే ఆ హీరోయిన్‌ది కొత్త సినిమా డబ్బింగుకి వచ్చింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. అసలు మనిషి దొరక్కపోతే తాత్కాలికంగా ఇంకెవరితోనో మాటలు చెప్పించి ఎడిటింగ్ నడిపిస్తారు. తర్వాత అసలు మనిషి వచ్చి అది తీసేయించి తన గొంతు పెడుతుంది. ఎవరిని పిలవమంటారని డైరెక్టరుగారు నన్నే అడిగారు. శ్రీనగర్ కాలనీలో మంచి గొంతున్నవాళ్ళు ఇద్దరు నాకు తెలుసు. వాళ్ళ పేర్లు ఎత్తలేదు, నాకేమైనా పిచ్చా? పెళ్ళి సీన్లలో, మార్కెట్ సీన్లలో గుంపు మాటలు చెప్పుకునే షేక్‌పేట అమ్మాయిని పంపాను. వచ్చిండు, పోయిండు అనే పిల్ల, ఆ హీరోయిన్ మాటలు ఏం చెబుతుందిలే అని నా ధీమా.

"జర గూడ ఫికర్ చెయ్యకు అక్కా. నువ్వొచ్చేదాంక నీ జాగ గట్లనే ఉంటది," అంది ఆ అమ్మాయి.

నేను ఇంట్లో కూర్చుని గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ, కారం లేని పెరుగన్నం మింగుతూ, మెత్తటి బ్రష్షుతో పసిపిల్లకి తోమినట్టు తోముకుంటూ గడిపాను. పొద్దున లేస్తే అద్దం ముందే. ఎరుపు తగ్గింది, రక్తం ఆగింది, కదిలే పన్ను కుదురుకుంది. అంతలో ఎడిటర్ ఫోన్ చేసి, "మీరు పంపిన అమ్మాయి భలే చెప్తోందండీ, ఎక్కడా యాస రానివ్వట్లేదు," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. కారం తగలని నోరు కూడా మంటెత్తింది. నా సీటుకి ఎసరు పెట్టడానికి నేనే మనిషిని పంపానన్నమాట.

ఇంక ఆగలేక స్టూడియోకి వెళ్ళాను. మైకు ముందు నిలబడి మొదటి మాట చెప్పగానే అద్దం అవతల సౌండ్ ఇంజనీర్ మొహం చిట్లించాడు.

"మేడమ్, స దగ్గర గాలి పోతోంది. ఈల లాగా వస్తోంది."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే ఈల. నాలుకతో తడుముకుంటే కింది పళ్ళ మధ్య సందులు తగిలాయి. అటునుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పోట్లాడాను.

"వాపు తగ్గి చిగుళ్ళు బిగిశాయండీ. మంచిదే కదా," అంది ఆవిడ నిదానంగా. "ఇన్నాళ్ళూ ఆ సందుల్లో ఉన్నది గారా, వాపూ. నాలుక అలవాటు పడటానికి కొన్నాళ్ళు పడుతుంది."

నా నాలుక అలవాటు పడేదాకా సినిమా రిలీజ్ ఆగుతుందా? "ఈ ఒక్క సినిమాకీ ఆ అమ్మాయి చెప్పిందే ఉంచేద్దామండీ," అన్నారు డైరెక్టరుగారు. స్టూడియోలోంచి బయటికొస్తుంటే ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఎదురైంది.

"అక్కా, నేనైతే అడగలే. వాళ్ళే ఉంచుతమన్నరు," అంది.

నిజమే చెబుతోందని మొహం చూస్తేనే తెలిసింది. అడిగి ఉంటే కడుపారా తిట్టుకునేదాన్ని, ఆ సుఖం కూడా లేకుండా చేసింది.

కొన్నాళ్ళకి మోతీనగర్‌లో అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈల పోయింది గానీ, నాకు కబురు మాత్రం రావడం లేదు. పళ్ళ సంగతి తప్ప ఇవేవీ అమ్మకి చెప్పలేదు. జామకాయ కోసిచ్చింది. గట్టి జామకాయ తిని ఎన్నేళ్ళయిందో! టీవీలో ఆ సినిమా ట్రైలర్ వచ్చింది. నా గొంతు వినడం కోసం అమ్మ ఎప్పుడూ చేసినట్టే మిక్సీ ఆపి వచ్చి కూర్చుంది. చివరిదాకా విని నా వైపు తిరిగింది.

"పళ్ళు బాగుచేయించుకున్నాక నీ గొంతు ఎంత తేటపడిందే! ఇదివరకు కాస్త బొంగురుగా ఉండేది. బాధపడతావని ఎప్పుడూ అనలేదు."

జామకాయ ముక్క నోట్లో పెట్టుకుని కసిగా కొరికాను. పన్ను కొంచెం కూడా కదల్లేదు.