రెండు గంటల తమ్ముడు

నా చిన్నప్పుడు ఫ్రిజ్‌లో మాకు దక్కినవి కింది రెండు అరలే. పై అరలూ, ఐస్ పెట్టుకునే అరా పక్కగది వాళ్ళవి. బర్ దుబాయ్‌లో రెండు కుటుంబాలు ఒక ఫ్లాటు పంచుకుంటే ఇలాంటి ఒప్పందాలు తప్పవని నాన్న అనేవారు. ఆ ఒప్పందానికి నన్నెవరూ పిలవలేదు. బెండకాయల పక్కన ఐస్‌క్రీమ్ ఎంతసేపు నిలుస్తుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

అది చాలదన్నట్టు, రెండు వేల తొమ్మిదిలో పక్కగది ఆంటీకి కొడుకు పుట్టాడు. అప్పటికే నెల్లూరులో అమ్మమ్మ దగ్గర చదువుకునే అమ్మాయిలు ఇద్దరున్నారు వాళ్ళకి. పదేళ్ళ నాకు తోడబుట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. వాడు ఆవలిస్తే వంటింట్లో చప్పట్లు. నేను పదమూడో ఎక్కం తప్పు లేకుండా చెప్పినా ఎవరూ తల తిప్పేవారు కాదు. దాన్ని కుళ్ళు అనడం పెద్ద మాట. వాణ్ణి చూస్తే నాకు అన్నం సయించేది కాదు, అంతే.

అమ్మ బాధ వేరు. నేను పుట్టినప్పుడు చాలా రక్తం పోయిందట. అప్పటినుంచీ నెలసరి వచ్చిందంటే నీరసంతో గోడ పట్టుకుని నడిచేది. ఇంకో కాన్పు వద్దనుకుంది. మాత్రలు మరిచిపోయేది, ఆపరేషన్ అంటే తర్వాత మనసు మారినా దారి ఉండదని భయం. లూప్ వేయించుకోవాలా వద్దా అని వారాల తరబడి ఆంటీతో మాట్లాడేది. నేను కింది అరలో ఏదో వెతుకుతున్నట్టు వంగి వినేదాన్ని.

"కాపర్‌ది ఏస్తే బ్లీడింగ్ ఇంకా ఎక్కువైతదట. హార్మోన్‌ది అయితే తగ్గుతదట. వద్దనుకుంటే ఎప్పుడన్నా తీపించుకోవచ్చట," అంది అమ్మ. "జూలైల ఊరికి పోయినప్పుడు ఏయించుకుంట."

పిప్పి పన్ను నుంచి కళ్ళజోడు దాకా మేమందరం అన్నిటినీ జూలై సెలవులకే దాచుకునేవాళ్ళం.

"పన్నంటే పీకించుకుని వచ్చేస్తావు," అంది ఆంటీ. "ఇది ఏసిన కొన్ని వారాలకి మళ్ళా చూపించుకోవాలంట కదక్కా. అప్పటికి నువ్వు ఈడుంటావు. పైగా ఊళ్ళో డాక్టరమ్మ నీకన్నా ముందు మీ అత్తతో మాట్లాడద్ది."

డాక్టరమ్మకి ఆ శ్రమ లేకుండా నేనే చేశాను. అమ్మ నాకు తమ్ముణ్ణి రానివ్వడం లేదని శుక్రవారం ఫోనులో నానమ్మకి చెప్పేశాను. నానమ్మ ఫోను నాన్నకిమ్మంది. ఆయన పావుగంట "ఊఁ, ఊఁ" అని పెట్టేసి, "ఇంకో ఏడాది చూద్దామా?" అని అమ్మనడిగారు. అమ్మ నా వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు మధ్యాహ్నం అమ్మ జూలై దాకా ఆగకుండా, ఆ ప్రశ్నేదో డాక్టరు ముందే అడగమని నాన్నను వెంటబెట్టుకుని అక్కడి క్లినిక్‌కే బయలుదేరింది. వాళ్ళటు వెళ్ళగానే ఆంటీ కొడుకును తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"తమ్ముడు కావాలన్నావంటగా. మీ అమ్మ వచ్చిందాకా వీడు నీ తమ్ముడే. ఏడిస్తే నన్ను పిలవబాక."

మొదటి పది నిమిషాలు నేను మహారాణిని. తర్వాత వాడు నా లెక్కల పుస్తకం మీద కక్కాడు. జడ పట్టుకుని ఏడ్చాడు, ఏడుస్తూ కూడా జడ వదల్లేదు. ఆంటీ గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతూ అంతా చూస్తూనే ఉంది. మసీదు నుంచి అసర్ అజాన్, అంటే సాయంకాలపు నమాజు పిలుపు, వినపడే వేళకి నా ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది.

"ఆంటీ, ఇంక తీసుకోండి."

"అప్పుడేనా? ఇంకా ఇరవై ఏళ్ళుందే!"

అమ్మ నడుం పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. హార్మోన్ లూప్ వేశారు. అమ్మ ఒంట్లో రక్తం ఎంత తక్కువుందో డాక్టరు నాన్నకే చెప్పారట. ఆయన చెప్పులైనా విప్పకుండా నానమ్మకి ఫోను చేసి, ఈ నిర్ణయం మాది అన్నారు. 'మాది' అనడం కాస్త గొప్పకే.

ఇప్పుడు నా ఇంట్లో ఫ్రిజ్ అంతా నాదే. ఎవరి కాన్పు గురించైనా మూడో మనిషి తీర్పు చెప్పబోతే, ఆ మనిషి నేనే అయినా సరే, నా ఎడమ చెయ్యి మళ్ళీ తిమ్మిరెక్కుతుంది.

ఆ సాయంత్రం ఆంటీ కొడుకును భుజాన వేసుకుని అమ్మనే చూస్తూ నిలబడింది. ఫ్రిజ్ పై అరల వైపు నేను చూసే చూపు అది, అందుకే గుర్తుపట్టాను.

"నిన్నైనా అడిగారక్కా," అంది. "ముగ్గురు పుట్టారు. నన్నెవరడిగారు?"