బక్క కుక్కను ఎంచింది నేనే

ఎనభై ఆరులో మా గృహప్రవేశం విందులో మొదటిసారి; తొంభై మూడులో మా అమ్మాయి నిశ్చితార్థంలో రెండోసారి; మొన్న ఆదివారం మునిమనవడి అన్నప్రాశనలో, అదీ మైకు పట్టుకుని, మూడోసారి. గల్ఫ్‌లో ఆ వేటకుక్కను ఎంచింది తానేనని మా బావమరిది చెప్పుకున్న సందర్భాలివి. అన్నీ ఏనాటికానాడు రాసిపెట్టుకున్నాను. ఇక ఊరుకోదలచుకోలేదు.

డెబ్బయ్యో దశకం చివర రాస్ అల్ ఖైమా క్వారీలో నేను స్టోర్‌కీపర్‌ను, అతడు మెకానిక్. మా యజమాని, అంటే కఫీల్, చలికాలంలో ఉప్పుటేటిలో దిగే అడవి బాతులను, కొండ మొదట్లో తిరిగే కౌజు పిట్టలను వేటాడేవాడు. కొట్టిన పిట్టను తెచ్చిపెట్టడానికి ఇంగ్లీషు ఇంజనీరు ఇంటి లాబ్రడార్ కూనలు రెండింటిని తెచ్చి మాకు అప్పగించాడు. పెరిగాక మొదటి వేటలో నెగ్గినదే ఉంటుంది, రెండోది తిరిగి ఇంజనీరు ఇంటికే పోతుందన్నాడు. బావమరిది బొద్దు మగకూనను పట్టాడు. నేను బక్క ఆడకూనను ఎంచాను. ఊరికే కాదు. కుక్క తెచ్చిన పిట్టను కఫీల్ వాళ్లు తింటారు. అందులో కుక్క ఒక్క ముక్క తిన్నా హరామ్, అంటే మతరీత్యా నిషిద్ధమని ముట్టరు. అందుకని పాత గ్లౌజులో ఎండుచేప కుక్కి విసిరాను. బొద్దుది గ్లౌజుతో సహా నమిలింది. బక్కది చొంగ కారుస్తూనే తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఆనాటినుంచి అది నా మంచం కిందే పడుకునేది. దాన్ని వదులుకోవడమన్న ఊహే నాకు మింగుడుపడేది కాదు.

"బావగారూ, ఈ పుల్లను తీసుకెళ్తే బాతులే దీన్ని తరుముతాయండి!" అని బావమరిది క్యాంపంతా నవ్వించాడు.

వేటనాడు కఫీల్ బిస్మిల్లా అని పేల్చాడు. మడచెట్ల అవతల రెండు బాతులు పడ్డాయి. ముందు బొద్దుదాన్ని వదిలాం. అది బురదలోనే చతికిలబడి విందు మొదలుపెట్టింది. "హరామ్! ఖలాస్!" అని కఫీల్ అరిచాడు. నేను బక్కదాని వీపు తట్టాను. అది ఈదుకుంటూ పోయి, రెక్క విరిగిన బాతును ప్రాణంతోనే తెచ్చి, గ్లౌజును పెట్టినట్టే నా చేతిలో పెట్టింది. ఒంటిమీద పంటిగాటు లేదు.

"మాషా అల్లా! యే కుత్తా ఇధర్ రహేగా!" అంటూ ఈ కుక్కే ఇక్కడ ఉంటుందని తేల్చేశాడు కఫీల్.

"ఏరా, తరిమాయా బాతులు?" అన్నాను. బావమరిది బూట్ల బురద చూసుకున్నాడు. ఆ చలికాలమంతా కౌజులనూ అదే తెచ్చింది.

ఇప్పుడు ఆ కుక్క లేదు, ఆ కఫీల్ లేడు. నిజం తెలిసినవాళ్లలో కాలం మిగిల్చింది మా ఇద్దరినే. కనుక ఎంచింది ఎవరో మా బావమరిది జాప్యం లేకుండా, సంతకంతో, లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.