మైకులో చెప్పిన కుళాయి

మా వైపు పల్లెల్లో ఒక మాట నిజమని తేల్చడానికి "మైకులో చెప్పారు" అంటే సరిపోయేది. పశువుల డాక్టరు వస్తున్నాడన్నా, రేషను కిరసనాయిలు ఇస్తున్నారన్నా, ముందు "ఎవరు చెప్పారు?" అని అడిగేవాళ్లు. మైకులో చెప్పారంటే ఇక ఆ ప్రశ్న ఉండేది కాదు. తొంభైల చివరి నుంచి చాలా ఏళ్లు ఆ మైకులో చెప్పింది నేను.

నాకు ఒంగోల్లో చిన్న మైకుసెట్ల దుకాణం ఉండేది. పెళ్లిళ్లకీ తిరనాళ్లకీ సెట్లు అద్దెకిచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో జీపు మీద గొట్టాలు కట్టుకుని పత్తి విత్తనాల కంపెనీలకీ, పురుగుమందుల కంపెనీలకీ ప్రచారం చేసేవాణ్ణి. గుంటూరు మిర్చి పల్లెల నుంచి పొదిలి మెట్ట దాకా తిరిగాను. గొంతు బాగుందనేవారు. ఎన్నికలు వస్తే పార్టీలవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఒకసారి ఒకరికి చెప్పాను, ఇంకోసారి వాళ్ల ఎదుటివాళ్లకు చెప్పాను. వాళ్లు కాగితం ఇచ్చేవారు, నేను చదివేవాణ్ణి. చదివేవాణ్ణి అని ఇప్పుడు అనడం నా సుఖం కోసమే. వినేవాళ్లకు చదువుతున్నట్టు తెలియకూడదు, అదే నా పనితనం.

మా అక్కను పొదిలి అవతల ఒక మెట్ట ఊరికి ఇచ్చారు. పొగాకు, కంది, వాన పడితే పత్తి వేసే ఊరు. బోరు నీళ్లు ఉప్పన, పైగా ఫ్లోరిన్ ఎక్కువ. పిల్లల పళ్లు గారపట్టి ఉండేవి, నడివయసు దాటితే నడుములు వంగిపోయేవి. అక్కకు ఇంకా ఆ వయసు రాలేదు. అప్పటికే కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతోంది. ఒంగోల్లో డాక్టరుకు చూపించాను. ఆయన పెద్దగా మందులేమీ రాయలేదు.

"నీళ్లు మార్చండమ్మా. వీలైతే ఊరే మారండి. ఇప్పుడు మారితే ఇక్కడితో ఆగొచ్చు," అన్నాడు.

అప్పటి నుంచి బావ సైకిల్ మీద పక్క ఊరి మంచినీళ్ల బావికి వెళ్లి క్యాన్లతో తాగేనీళ్లు తెచ్చేవాడు. పొలం పనులున్నప్పుడు తేలేకపోయేవాడు. ఈలోగా ఆయనకు చీమకుర్తిలో ఒక దారి దొరికింది. గ్రానైటు కోసే యూనిట్లో గేటు దగ్గర పని, ఉండటానికి రెండు గదులు, తాగటానికి మంచినీళ్లు. పొలం కౌలుకిచ్చి పోదామా వద్దా అని ఇంట్లో మాట నడుస్తుండగానే ఎన్నికలొచ్చాయి.

ఆసారి నాకిచ్చిన కాగితంలో "ప్రతి ఇంటి ముందూ కుళాయి" అని ఉంది. అభ్యర్థి మనుషులు ఇద్దరు జీపులో నా వెనక కూర్చునేవారు. ఒకరోజు వాళ్లలో ఒకడు అడిగాడు.

"ఒరేయ్, ఇన్ని కుళాయిలకు నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తార్రా?"

"కాగితంలో నీళ్లని ఎక్కడుంది? కుళాయని ఉంది. సరిగ్గా చూడు, డిగ్రీ చదివినోడివి."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నం అక్క వాళ్ల ఊళ్లోకి వెళ్లాం. వచ్చే ఎండాకాలం నాటికి కుళాయి అనీ, ఆడబిడ్డలు బిందె మోసే పని ఉండదనీ వీధంతా చెప్పుకుంటూ పోయాను. అక్క గుమ్మంలోకి వచ్చి పక్కింటామెకు నన్ను చూపించి ఏదో అంది. మోతలో వినపడలేదు గానీ "మా తమ్ముడు" అని పెదాల కదలికలో తెలిసింది.

అన్నానికి అక్కడే ఆగాను. నేను తింటుంటే ఇరుగుపొరుగువాళ్లు వచ్చి అరుగు మీద చేరారు.

"ఏమయ్యా, కుళాయి వీధిలో వేస్తారా, లోపలికి వేస్తారా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"ఇంటి ముందని చెప్పాడుగా పెద్దయ్యా, చెవుడా నీకు?"

"ముందు వేస్తే మా కోడలు వీధిలో నించోదు. దొడ్లోకి వెయ్యమను."

"నాకు గేదెల కొట్టం దగ్గర ఇంకోటి కావాలి," అన్నాడు ఇంకొకాయన.

"నీ గేదెకు ఓటుందా?"

అందరూ పడీపడీ నవ్వారు. అంతకుముందు ఏ నాయకుడొచ్చినా ఆ ఊరివాళ్లు చేతులు కట్టుకుని "మంచినీళ్లు ఇప్పించండయ్యా" అనేవారు. ఆ మధ్యాహ్నం ఒక్కరూ మంచినీళ్లు అనలేదు. కుళాయి ఎక్కడ పెట్టించుకోవాలన్నదే మాట. ఊరు అడగటం నేర్చుకుంది. ఏం అడగాలో మాత్రం మేం చెప్పాం. ఆ సంగతి నాకు అక్కడే, విస్తరి ముందు కూర్చునే అర్థమైంది. అర్థమైనా పప్పులో నెయ్యి వేయించుకుని తిన్నాను.

వాళ్లు వెళ్లిపోయాక అక్క మజ్జిగ పోస్తూ అడిగింది.

"ఏరా, నిజమేనా? కుళాయి వస్తే ఇంక పోవడమెందుకంటున్నాను మీ బావతో. ఆ రంపాల మోతలో, ఆ దుమ్ములో ఏం ఉంటాం? నువ్వు చెప్పు. మైకులో సంగతి కాదు, నాకు చెప్పు."

బావ చెయ్యి కడుక్కోబోయి ఆగాడు. "చెప్పు బామ్మర్దీ. ఎల్లుండి యూనిట్ వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. నీ మాట మీదే ఉంది."

నాకు తెలియదక్కా అంటే చాలు. డాక్టరు చెప్పింది మర్చిపోకండి అన్నా చాలు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, నాకు భయమూ లేదు. కాసేపటి నుంచి ఆ ఇంట్లో నేను కాగితం చదివేవాణ్ణి కాకుండా కుళాయిలు తెచ్చేవాణ్ణయి కూర్చున్నాను. ఆ మర్యాద వదులుకోబుద్ధి కాలేదు.

"వస్తాయక్కా. నేనే చెప్పాను కదా," అన్నాను.

"అయితే సరే," అన్నాడు బావ. చీమకుర్తి పనికి వేరేవాళ్లు కుదిరారు.

నేను ప్రచారం చేసినవాళ్లే గెలిచారు. పైపులు రాకముందే ఊళ్లో ఇంటింటికీ సిమెంటు దిమ్మెలు లేచాయి. అక్క తన దిమ్మె ఎత్తుగా కట్టించుకుంది, బిందె ఎత్తేటప్పుడు వంగకుండా. కుళాయిలు అన్నదానికంటే ఏడాది ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి. ఊరి బయట ట్యాంకు కట్టి, దానికి పాత బోరునే కలిపారు. ప్రారంభోత్సవానికి నన్నే పిలిచారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారని నేనే మైకులో చెప్పాను. అబద్ధం కూడా కాదు.

సభ అయ్యాక అక్క తన కుళాయి కింద గ్లాసు పట్టి నాకు ఇచ్చింది. నోట్లో పోసుకోగానే తెలిసింది, అవే ఉప్పునీళ్లు. చుట్టూ అందరూ నా మొహం చూస్తున్నారు.

"బాగున్నాయక్కా," అన్నాను.

ఆ తర్వాత బావ సైకిల్ మీద పక్క ఊరికి పోవడం మానేశాడు. ఇంటి ముందు కుళాయి పెట్టుకుని ఎవరు పోతారు? ఎప్పుడన్నా నేను వెళ్తే, నీళ్ల సంగతి తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్లం. అక్క నడక మారింది. తర్వాత చేతికర్ర వచ్చింది. తర్వాత మెడ బిగిసింది, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. నేను చూసి వచ్చేవాణ్ణి. బస్సెక్కి కూర్చుంటే ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఒంగోలు రాగానే దిగి దుకాణం తెరిచేవాణ్ణి.

కొన్నేళ్లకు మళ్లీ ఎన్నికలు. ఈసారి ఎదుటి పార్టీకి చెబుతున్నాను. కాగితంలో "సాగర్ నీళ్లు" అని ఉంది. అక్క వాళ్ల ఊరి చివర కుర్రాళ్లు జీపు ఆపారు. ఒకడు సెల్‌ఫోను నా మొహం దగ్గర పెట్టాడు.

"అన్నా, డేటు చెప్పు. వస్తాయి, వస్తాయి కాదు. రికార్డు చేస్తున్నా."

"సెల్ టవరు వెయ్యడానికి వాళ్లకు ఎన్నాళ్లు పట్టింది? నీళ్లకే ఎందుకు ఇన్నేళ్లు?" అన్నాడు ఇంకొకడు.

"మాటలు మాత్రం బాగా వస్తాయి అన్నకి!"

నవ్వి, డ్రైవరును ముందుకు పోనివ్వమన్నాను. అక్క ఇంటి దగ్గర దిగాను. ఆమె మంచం మీద కూర్చుని చాటలో ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"రా. ఈసారి ఏం తెచ్చావు బామ్మర్దీ?" అన్నాడు బావ.

ఎందుకు ఆ రోజే నోరు తెరిచానో తెలియదు. కుర్రాళ్ల ఫోను చూసి కావచ్చు.

"అక్కా, కుళాయి నీళ్లు తాగొద్దు. అవి ఆ బోరు నీళ్లే. మంచినీళ్లు రావని నాకు మొదటే తెలుసు. మీరు చీమకుర్తి పోదామా అని అడిగిన రోజే తెలుసు."

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో నాలుగు కాయలు తొడిమలు తీసి చాటలో వేసింది.

"బోరు నీళ్లని మాకు తెలీదనుకున్నావా? ట్యాంకు కట్టేటప్పుడు కళ్లారా చూశాం. ట్యాంకులో ఏదో మందు కలిపి బాగుచేస్తారేమో అనుకున్నాం. నువ్వు తాగి బాగున్నాయన్నావుగా."

అక్క ఇంకో కాయ అందుకుంది.

"ఇప్పుడు నాకు చెప్పి ఏం చేస్తావురా? నాకు అయిపోయింది. ఈ వీధిలో చంటిపిల్లల తల్లులున్నారు. కుళాయి వచ్చాక అందరూ అవే తాగుతున్నారు. బయటికి పోయి ఆ మైకులో చెప్పు. నువ్వు చెబితే వింటారు."

"వాడేం చెప్తాడే," అన్నాడు బావ. "వాడికి కాగితం ఉండాలి."

"నువ్వుండు. చెప్తాడు," అంది అక్క. చాట పక్కన పెట్టి, కర్ర అందుకుని, వినడానికి గుమ్మం దాకా వచ్చింది.

జీపెక్కాను. మైకు చేతిలో ఉంది. ఆ మాట చెప్పడానికి ఒక నిమిషం పట్టదు. డ్రైవరు నాకేసి చూసి "పోదామా అన్నా?" అన్నాడు. వెనక పార్టీ మనిషి సిగరెట్టు పారేశాడు. పోనివ్వు అన్నాను. స్విచ్చి వేసి, సాగర్ నీళ్ల కాగితం మొదటి నుంచి చదివాను.

అక్క ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు కాస్త గొంతు తగ్గించానేమోనని ఇన్నేళ్లలో చాలాసార్లు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. తగ్గించలేదు.