వసారాలో కట్టిన పొయ్యి

1984 వేసవిలో నాకు ముఖ్యసేవికగా ప్రమోషనిచ్చి, రాజమండ్రికి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక పంచాయతీ సమితికి వేశారు. సమితులు పోయి మండలాలు రావడానికి ఇంకా కొంత కాలం ఉంది. ముఖ్యసేవిక అంటే ఊళ్లలో తిరిగే గ్రామసేవికలకు పైన, బి.డి.ఓ.గారికి కింద ఉండే ఆడ ఉద్యోగి. పైనుంచి వచ్చిన చీవాట్లు కిందికి దించడం, కిందనుంచి వచ్చిన ఏడుపులు పైకి మొయ్యడం ఆ ఉద్యోగం. నేను చేరీ చేరగానే పొగలేని పొయ్యిల పథకం వచ్చి నా నెత్తిన కూర్చుంది.

పథకం మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత చెప్పేదంతా మనవాళ్లు దాన్ని ఎలా తగలేశారన్నదే. ఆ పొయ్యిని తప్ప మిగతా అన్నిటినీ తగలేశారు.

మా వైపు అప్పటికి వంటంటే కొబ్బరిమట్టలు, సరుగుడు కట్టెలు. మామూలు మట్టిపొయ్యిలో మంట సగం పక్కలకు పోతుంది, పొగ మొత్తం వండే మనిషి కళ్లలోకి పోతుంది. కొత్త పొయ్యిని బంకమట్టి, ఊక, పేడ కలిపి తొక్కి కడతారు. వరసగా రెండు కళ్లుంటాయి. మంట మొదటి గిన్నె కిందనుంచి లోపలి దారిగుండా రెండో గిన్నె కిందికి వెళుతుంది. మిగిలిన పొగ గొట్టంలోంచి ఇంటి కప్పు పైకి పోతుంది. ముందుకంటి మీద అన్నం ఉడుకుతుంటే ఆ వేడికే వెనకకంటి మీద పప్పు ఉడుకుతుంది. కట్టెలు సన్నగా చీల్చి పెట్టాలి, గొట్టంలో మసి ఎప్పటికప్పుడు దులపాలి. ఈ రెండూ చేస్తే అది నిజంగానే పనిచేస్తుంది.

ఏ రకం పొయ్యి మంచిదో ఎంచడానికి సమితి ఆఫీసులో ఒక సంఘం వేశారు. మూడు నమూనాలు తెచ్చి బల్లమీద పెట్టారు. ఒంటి కన్నుది, రెండు కళ్లది, ఎక్కడికైనా మోసుకుపోగల ఇనపది. సంఘంలో అందరూ మగవాళ్లే. ఏ ఒక్కరూ ఇంట్లో కాఫీకి నీళ్లు కాచిన పాపాన పోలేదు. ఒకాయన కొబ్బరికాయ బేరం చేస్తున్నట్టు పొయ్యిని వేలితో కొట్టి చూశాడు. ఇంకొకాయన వీటిలో ఏది దూరంనుంచి బాగా కనబడుతుందని అడిగాడు. మహిళా మండలి వాళ్లను పిలిచి అడుగుదామండీ అన్నాను. తప్పకుండా పిలుద్దామనీ, ప్రారంభోత్సవానికి హారతి ఇవ్వాలి కదా అనీ బి.డి.ఓ.గారు సెలవిచ్చారు. చివరికి గొట్టం పొడుగ్గా ఉన్నదని రెండు కళ్ల పొయ్యిని ఖాయం చేశారు. మా అదృష్టం కొద్దీ మంచి పొయ్యి కూడా అదే.

ఆ తర్వాత ఎవరికో గుర్తొచ్చింది, తాటాకింటి కప్పులోంచి వేడి గొట్టం పైకి తీస్తే ఇల్లు అంటుకుంటుందని. గొట్టం చుట్టూ వెయ్యాల్సిన రేకు పైనుంచి రాలేదు. అందుకని మొదటి విడత పెంకుటిళ్లకే ఇమ్మన్నారు. అలా పేదవాళ్ల పొయ్యి మొట్టమొదట బియ్యం వర్తకుడు గున్నేశ్వరరావుగారింటికి వెళ్లింది.

నిజానికి అడిగింది ఆయన కాదు, ఆయన భార్య మంగతాయారుగారు. నలభై దాటని మనిషి. మహిళా మండలి మీటింగు అయిపోయాక నన్ను పక్కకు పిలిచారు. ఆయాసంతో రెండు మాటలకోసారి ఆగుతూ చెప్పారు. "వానాకాలం వస్తే తడి మట్టలండి, ఊదలేక చస్తాను. కిందటేడు మంచం దిగుతాననుకోలేదండి. పొగలో కూర్చుంటే మందులు దండగన్నాడు రాజమండ్రి డాక్టరు. ఈ వానల్లోపు ఎలాగైనా మీ పొయ్యి మా ఇంట్లో పెట్టించండి."

నేను పేరు రాశాను. ఉత్తర్వు మాత్రం భర్తగారి పేరున వచ్చింది.

శిక్షణ పొందిన మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లేసరికి గున్నేశ్వరరావు శెట్టిగారు సుద్దముక్కతో పొయ్యికి చోటు గీసి ఉంచారు. వంటింట్లో కాదు. వీధి వసారాలో, బియ్యం బస్తాల పక్కన. ఇక్కడేంటండీ అన్నాను. ఆయన తెలియనివాళ్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. గవర్నమెంటు పొయ్యి అన్నాక ఆఫీసర్లు చూడ్డానికి వస్తారు. వాళ్లు బూట్లతో వస్తారు. ఎక్కడెక్కడ ఏం తొక్కి వచ్చారో తెలియదు. వంటింట్లో మా అమ్మ మడితో ఉంటుంది, నన్నే గడప దాటనివ్వదు. ఆఫీసర్లను రావద్దంటే బాగుండదు, రమ్మంటే అమ్మ ఊరుకోదు. వసారాలో అయితే ఏ గొడవా లేదు.

"వాళ్లు జీపు దిగక్కర్లేదండి. రోడ్డుమీంచే చూసుకోవచ్చు" అన్నారు.

"మరి వంట ఎక్కడ చేస్తారండి?" అన్నాను.

"వంటకేముందండి, వంటింట్లోనే" అన్నారాయన, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

తలుపు వెనక దగ్గు వినబడింది. నాకు ఒళ్లు మండింది. మేస్త్రీని ఆపి ఆఫీసుకు వెళ్లి చెబితే బి.డి.ఓ.గారికి ఆ ఏర్పాటు ఎంతో నచ్చింది. తనిఖీకి అనుకూలంగా ఉంటుందన్నారు. పొయ్యి వండడానికి కదండీ అంటే, ముందు టార్గెట్ పూర్తవనివ్వమ్మా, వంట సంగతి వాళ్లు చూసుకుంటారన్నారు.

పొయ్యి కట్టారు. దానికి సున్నం వేసి, ఎర్ర అంచు తీర్చి, నంబరు రాసి, పసుపూ కుంకాలు పెట్టారు. గొట్టానికి మామిడాకులు కట్టారు. పెళ్లికొడుకులా తయారైంది గానీ ఒక్క పూట దానిమీద ఎసరు పెట్టిన వాళ్లు లేరు. వీధిన పోయేవాళ్ల కళ్లన్నీ అన్నంలో పడతాయని శెట్టిగారి తల్లి, ఆ ముసలావిడ, పట్టుబట్టింది. మంగతాయారుగారు ఒకసారి ధైర్యం చేసి వేణ్ణీళ్లు కాస్తే, ఆ గిన్నెను కూడా వంటింట్లోకి రానివ్వలేదట.

వానలు పట్టుకున్నాయి. నేను ఆ వీధిన వెళ్లినప్పుడల్లా ముందు దగ్గు వినబడేది, తర్వాత ఇల్లు కనబడేది. వసారాలో తెల్లటి పొయ్యి చల్లగా, పొడిగా, గాలి తగలకుండా ఉండేది. అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుందని వాళ్ల ఎర్రపిల్లి అందులో దూరి ఈనింది. ఆ పొయ్యివల్ల బాగుపడ్డ మొదటి ఆడప్రాణి అదే.

సరిగ్గా అప్పుడే హైదరాబాదునుంచి పై అధికారి తనిఖీకి వచ్చారు. ఉత్తరాదివారు, తెలుగు కొద్దికొద్దిగా పట్టుబడింది. పాపం, ఆయన జీపు దిగారు. వసారా ముందు సగం బజారు పోగైంది. శెట్టిగారి దగ్గర సరుకు కొనేవాళ్లూ, ఆయనకు ధాన్యం తోలేవాళ్లూ అందరూ ఉన్నారు. పొయ్యి వెలిగించి చూపించమన్నారు. బంట్రోతు చెయ్యి పెట్టబోతే లోపలినుంచి పిల్లి బుస్సుమంది. అదిలించారు, పాలు చూపించారు, చీపురుపుల్లతో పొడిచారు. పిల్లలతల్లి కదా, కదల్లేదు.

అధికారి గుమ్మంవైపు తిరిగి, అమ్మా, ఈ పొయ్యితో వంట బాగా అవుతోందా అని అడిగారు.

మంగతాయారుగారు తలుపు వారనుంచి ఒకడుగు బయటికి వచ్చారు. కొంగు సర్దుకుని, ఊపిరి కూడదీసుకుని, బజారంతా వినేలా చెప్పారు.

"ఏం చెప్పమంటారండి. గవర్నమెంటువారి పొయ్యి వచ్చిన దగ్గర్నుంచీ మా పొయ్యిలో పిల్లి లేవలేదండి."

జనం చూపులన్నీ బియ్యం బస్తాలమీదికి మళ్లాయి. పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఇంట్లో వండుకోవడానికి గింజ లేదని అర్థం. ఆ మాట ఎవరింట్లో విన్నా జాలేస్తుంది. బియ్యం వర్తకుడి ఇంట్లో, బస్తాల మధ్య, ఆయన ఇల్లాలి నోట వినబడితే ఆ కొట్టు గతేమిటి? శెట్టిగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను నవ్వు ఆపుకోలేక రోడ్డువైపు తిరిగాను.

అధికారి ఆమె ఏమంటున్నారని అడిగారు. ఎదురుగా నిజం పిల్లి కళ్లు మెరుస్తుంటే దాన్ని వదిలేసి, మా బి.డి.ఓ.గారు తన ఇంగ్లీషు పాండిత్యమంతా వాడి, ఈ కుటుంబం పస్తులుంటోందండీ అని అర్థం చెప్పారు. అధికారి మంచి మనసున్న మనిషి. కళ్లు చెమర్చాయి. వెంటనే వీళ్లకు సాయం అందేలా చూడమన్నారు.

"అయ్యబాబోయ్, మేం సుబ్బరంగా తింటామండి. మా ఇంట్లో రెండు పూటలా వంటవుద్దండి" అని శెట్టిగారు చేతులు జోడించారు. బజారు నమ్మినట్టు కనబడలేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు కూడా. వంట ఎక్కడ అవుతుందని అధికారి అడిగారు. అప్పుడు శెట్టిగారు ఆ దొరగారి చెయ్యి పట్టుకుని, బూట్లతో సహా, వసారా దాటించి, నడవ దాటించి, తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయారు. ముసలావిడ కేక వీధిలోకి వినబడింది.

తడి మట్టలు రగులుతున్నాయి. పొయ్యిమీద అన్నం కుతకుతలాడుతోంది. అధికారి అన్నాన్ని చూశారో లేదో తెలియదు గానీ, కళ్లు తుడుచుకుంటూ, దగ్గుకుంటూ బయటపడ్డారు. మాట వచ్చాక ఒకటే అడిగారు, ఆమె రోజూ ఇందులోనే కూర్చుంటుందా అని. వసారా పొయ్యిని తీసి వంటింట్లో కట్టమని అక్కడికక్కడే ఆర్డరైంది. మడి అడ్డం రాలేదు. బూట్లు ఎలాగూ వెళ్లొచ్చాయి, ముసలావిడ పసుపునీళ్లు జల్లుకుని ఊరుకుంది.

ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని పిల్లి ధాన్యం గదిలోకి మారాక పొయ్యిని పగలగొట్టి ఆగ్నేయ మూల కట్టించాను. కొబ్బరిమట్ట పట్టేలా నోరు కొంచెం వెడల్పు చేయించాను. నెల తిరిగాక వెళితే మంగతాయారుగారు ఒక్క గుక్కలో నాతో పదిమాటలు మాట్లాడారు, ఏడు శెట్టిగారిమీదే. ఆ నెల నివేదికలో బి.డి.ఓ.గారు ఆ ఇంట్లో రెండు పొయ్యిలు కట్టినట్టు రాసుకున్నారు. కట్టింది రెండుసార్లే కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

పొయ్యి ఎంచుకునేవాళ్లు కళ్లెన్ని, గొట్టమెంత అని అడిగే ముందు దాన్ని వెలిగించేది ఎవరో, వాళ్లు ఎక్కడ కూర్చుంటారో అడగాలని నాకప్పుడు తెలిసింది. ఆ తర్వాత నా సర్వీసంతా ఏ ఇంటికి తనిఖీకి వెళ్లినా గోడమీది నంబరు చూడలేదు. పొయ్యినోట్లో చెయ్యి పెట్టి చూశాను. వెచ్చటి బూడిద తగిలితే అది పొయ్యి. బొచ్చు తగిలితే అది టార్గెట్.