కోటి దాటని దుకాణంలో ఆడిట్

మా బావ జకర్యా కళ్లతో చూడనిదే దేన్నీ నమ్మడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయన నోటి వెంట వచ్చే మాట ఒక్కటే: "ఏదీ, చూపెట్టు." మణుగూరులో ఆడిటరు. నేను, అంటే బెన్నీని, ఆయన ఆఫీసులోనే అకౌంటెంట్‌ని. ఇంట్లో బామ్మర్దిని, ఆఫీసులో పనివాణ్ణి. రెండుచోట్లా తిట్లు నాకే.

పెళ్లిచూపుల్లో మా అమ్మ, "మా గ్రేస్ పాటలు మంచిగ పాడుతది బాబూ" అన్నదట. "ఏదీ?" అన్నాడట ఈయన. మా అక్క పాట మొత్తం పాడేదాకా చాయ్ ముట్టలేదు. ఇప్పటికీ అక్క "పాలు పొంగుతున్నయ్, స్టవ్ బంద్ చెయ్యిరి" అని అరిస్తే ముందు గిన్నెలోకి తొంగిచూస్తాడు. అప్పటికి చూడటానికి గిన్నెలో ఏమీ ఉండదు.

ఒకసారి మా క్లయింటు జంపయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, కాలనీ ఎనక ఎలుగుబంటి!"

"ఏదీ, చూపెట్టు."

"చూపెట్టుడేంది సార్! అది ఎలుగుబంటి!"

వింటేనా! నన్నూ ఈడ్చుకుపోయాడు. వెళ్లేటప్పుడు ఉన్న ఠీవి వచ్చేటప్పుడు లేదు, ఒక చెప్పు కూడా లేదు. ఆఫీసు కుర్చీలో పడి రొప్పుతూ, "అవ్, ఉన్నది" అని సర్టిఫై చేశాడు.

ఇలాంటి మనిషి ఏటా సెప్టెంబరులో, ఆడిట్ల గడువు ముంచుకొచ్చి మాకు ఊపిరాడని రోజుల్లో, నన్ను ఫైళ్ల మధ్య వదిలేసి సునందక్క దుకాణానికి వెళ్లి సాయంత్రం దాకా కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండేది.

సునందక్క భర్త ప్రేమ్‌సాగరన్న బతికుండగా అది సిమెంటు, ఇనుము దుకాణం. ఏడాది అమ్మకాలు కోటి దాటేవి కాబట్టి ఆడిట్ తప్పనిసరి. ఆడిట్ రోజు ఆయన కొత్త చొక్కా తొడుక్కుని, "మా దుకాణంల ఆడిట్ నడుస్తున్నది" అని బజారంతా చెప్పుకునేవాడు. బజ్జీలు తినిపించి మమ్మల్ని చంపేవాడు. ఆ మనిషిని, ఆ గోలను తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఆయన పోయాక సునందక్క ఇనుము మానేసి రంగుల డబ్బాలు, మేకులు అమ్ముకుంటోంది. ఆ మేకులకు ఆడిట్ కావాలని ఏ చట్టమూ అడగదు. అయినా బావ వెళ్లేవాడు, ఫీజు లేకుండా.

"మేకులల్ల ఏం ఆడిట్ బావా?" అంటే, "చూస్తే గద తెలిసేది" అనేవాడు.

ఈ ఏప్రిల్‌లో కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. ఇన్నాళ్లూ మా నోళ్లలో నానిన ఆడిట్ సెక్షన్ నలభై నాలుగు ఏబీ కాస్తా అరవై మూడు అయింది. వీడియోలు చూసి నేను చెబితే బావ నమ్ముతాడా? చట్టం పుస్తకం తెప్పించి, వాక్యం వాక్యానికీ వేలు పెట్టి చదివాడు. "దుకాణాలకు కోటి అట్లనే ఉన్నది. నగదు లావాదేవీలు అయిదు శాతం దాటకపోతే పది కోట్ల దాకా ఆడిట్ అక్కర్లే, అదీ అట్లనే ఉన్నది" అని తేల్చాడు.

అప్పుడే సునందక్క ఫోను. "అన్నా, చట్టం మారిందట గద. ఇగ మీరు రారా?"

బావ ఫోను జేబులో వేసుకున్నాడు. "బెన్నీ, బండి తియ్" అన్నాడు. మణుగూరు ఎండలో, మిట్టమధ్యాహ్నం!

దుకాణంలో కూర్చుంటూనే మొదలుపెట్టాడు. "ఆ పెద్ద కాటా ప్రేమ్‌సాగర్ తెచ్చిందే గద. ఏదీ, చూపెట్టు చెల్లె."

ఏడుస్తుందేమోనని మేమెవరమూ ఆమె ముందు ఆయన పేరెత్తం. సునందక్క కాటా మీది గోనెసంచి తీసింది. భర్త ఆ కాటాను ఎక్కడ కొన్నాడో, బేరంలో ఎవరితో కొట్లాడాడో చెప్పుకుపోయింది. ఏడవలేదు సరికదా, ముఖం విచ్చుకుంది. ఓరి బావా, ఏటా నువ్వు చేస్తున్న ఆడిట్ ఇదా!

ఉన్నట్టుండి ఆమె ఆగింది. "గని అన్నా, కొత్త చట్టంల నాకు ఆడిట్ పడ్తదా?"

అబద్ధం చేతకాని మనిషి. "పడదు చెల్లె" అని నీళ్లు నమిలాడు. "పాతదాన్ల గూడ... పడలే."

"నాకెరుకే."

"ఎరుకనా?"

"కోటి దాటినమని మా ఆయన బజారంత డప్పు కొట్టె గద! గీ మేకులు అమ్మితె కోటి దాటుతదా? నాకు ఆడిట్ లేదని మీకు యాదికొస్తే వచ్చుడు బంద్ చేస్తరని నేనే సప్పుడు చెయ్యలే. కొత్త పుస్తకం సదివితే యాదికొస్తదేమోనని బుగులైంది."

బావ కుర్చీ కాటా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆడిట్ ఎవరికి తప్పదో చట్టంల రాసిండ్రు. ఎవరి దుకాణానికి పోవద్దో రాయలే. సెప్టెంబర్ల గూడ వస్త."

ఇక ఆమెను పట్టేవాళ్లు లేరు. ప్రేమ్‌సాగరన్న మొదటి సిమెంటు లారీ వానలో దిగబడిన కథ అందుకుంది. "అశ్వాపురం కాడ బురదల కూరుకపోయింది బెన్నీ..."

"అశ్వాపురం కాదు చెల్లె," బావ అడ్డం తగిలాడు, "పాల్వంచ దాటినంక. పోయినేడు గూడ గిట్లనే తప్పు చెప్పినవ్."

"అవ్ అవ్, పాల్వంచనే!" అని సునందక్క పకపకా నవ్వి, లారీని మళ్లీ మొదటి నుంచి బయల్దేరదీసింది.